వెనక పిలుపు

“ఒరే లక్ష్ముడా! ఆగరా!”

జంగ్లీఘాట్ రేవు మెట్ల మీద ఆ కేక వినబడగానే, దిగుతున్న మగాళ్ళంతా ఉన్నచోటే నిలబడిపోయారు. లక్ష్ముడు అప్పటికే ఒక కాలు పడవలో పెట్టాడు. భుజం మీద వల, చేతిలో డీజిలు డబ్బా. వెనక్కి చూడాలా వద్దా అని మెడ బిగించి కాసేపు అలాగే ఉండిపోయాడు. చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. పిలుపు పడనే పడింది. నీళ్ళలోకి తుపుక్కున ఉమ్మి, పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

వేటకు దిగేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. భీమిలి రేవులో తాతలనాటి కట్టుబాటు అది. ఓడెక్కి అండమాను వచ్చినప్పుడు వలలతోపాటు దాన్నీ మూట కట్టుకుని తెచ్చుకున్నారు. మగవాడు ఇంట్లో ఏం మరిచిపోయినా సరే, గడప దాటాక ఆడది నోరెత్తకూడదు. ఎవరైనా పిలిచారో, వాడు మళ్ళీ ఇంటికి పోవాలి, గుమ్మంలో కూర్చోవాలి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి కొత్తగా బయల్దేరాలి. ఈలోగా ఐసు కరుగుతుంది, ముందు వెళ్ళినవాళ్ళు మంచి చోట్లు పట్టేస్తారు. కోస్టుగార్డు వాళ్ళతో సైతం హిందీలో గొంతు పెంచి తగువాడే మొనగాళ్ళు ఈ ఒక్కదానికి మాత్రం నోరెత్తకుండా తలవంచుతారు. సముద్రంతో తగువు ఎవడికి కావాలి?

పిలిచిన మనిషి పైమెట్టు మీద నిలబడి ఉంది. ఎరుకమ్మ. ఒకప్పుడు ఆ రేవులో ఆమె బేరానికి దిగిందంటే ఐసు లారీవాళ్ళు కూడా జంకేవారు. ఇప్పుడు జాకెట్టు వదులై భుజాల మీద వేలాడుతోంది. చంకలో సగానికి కోసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పడవలో చేరిన నీళ్ళు తోడి పోసేది.

లక్ష్ముడు మెట్లెక్కి ఆమె ముందు ఆగాడు. “నీకు నానేటి పాపం సేసినానమ్మా?”

“పడవలో డబ్బా ఉన్నాదేట్రా? సూసుకున్నావా?”

“ఉన్నాది తల్లీ. బంగారంలాగున్నాది.”

“అయితే ఎల్లు.”

“ఇంకెక్కడికెల్తాను? ఇంటికే ఎల్లాల.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సూరయ్య పడవలో ఇంజను పెట్టెలో తల దూర్చి కూర్చున్న పైడిబాబు మాత్రం నవ్వలేదు, తలా ఎత్తలేదు. ఆ గొంతు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎరుకమ్మ అతని సొంత అక్క. మొగుడు అప్పలరాముడు సముద్రంలో పోయిన దగ్గర్నుంచీ అతని ఇంట్లోనే ఉంటోంది.

అతని చేతిలో పానా ఉంది. పడవ అడుగున, ఫ్యాను తిప్పే ఇనుప కడ్డీ సముద్రంలోకి వెళ్ళే కన్నం దగ్గర, నీళ్ళు లోపలికి రాకుండా కడ్డీ చుట్టూ గ్రీజు తాడు చుట్టి, నట్టు బిగిస్తారు. దాన్నే గ్లాండు అంటారు. పైడిబాబు ఆ నట్టును బిగిస్తున్నాడు. నిన్న సాయంత్రం బిగించిందే.

“సాల్లేరా” అన్నాడు సూరయ్య. పడవ అతనిది, పెద్దరికమూ అతనిది. రేవులో ఏ గొడవ వచ్చినా ముందు అతని అరుగు దగ్గరికే వస్తుంది. “గ్లాండన్నాక సుక్క సుక్క కారాల. కారకపోతే కడ్డీ కాలిపోతాది. ఎన్నిసార్లు సెప్పాల నీకు?”

“కారతంది మావా.”

“కారాలిరా, అదే సెప్తన్నాను!” సూరయ్య పానా లాక్కుని పక్కన పడేశాడు. తరవాత గొంతు తగ్గించాడు. “ఇనుకో. వేటకెల్లీవోల్ల ఇల్లలోల్లు నా అరుగు మీదికొచ్చి కూకున్నారు నిన్న. మీ అప్పతోటి ఇంక మావల్ల కాదంతన్నారు. దాక్తరుబాబిచ్చిన మాత్రలు మింగతందా?”

“మాయింటిది సిన్నమ్మి నోట్లో ఏత్తంది. నాలిక్కింద దాసుకుని ఉమ్మేత్తంది.”

“శుక్రారం విశాపట్నం ఓడున్నాది. ఎక్కించీ. భీమిలిలో మీ పిన్ని లేదేటి? నాలుగు రోజులు సొంతూరి గాలి తగిల్తే అదే కుదురుతాది.”

పైడిబాబు పడేసిన పానాను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పిన్నికి కళ్ళు సరిగా కనబడవు. ఆ ఇంట్లో ఎరుకమ్మను చూసేవాళ్ళెవరు? రెండో రోజే తలుపుకు గొళ్ళెం పెడతారు. అది అతనికీ తెలుసు, సూరయ్యకూ తెలుసు.

“సరే మావా” అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. పైడిబాబు ఇల్లు కాలనీలో గట్టు మీద ఉంది. చెక్క గోడలు, రేకుల కప్పు. అతని పెళ్ళాం చిన్నమ్మి వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు చీరుతోంది. ఎరుకమ్మ చూరు కింద డబ్బా పెట్టింది. నిండగానే రెండు చేతులా ఎత్తుకుని కాలవ దగ్గరికి పోయి పారబోసింది. మళ్ళీ తెచ్చి పెట్టింది. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

“వదినా, లోపలికి రా” అంది చిన్నమ్మి, తల తిప్పకుండా.

“నిండిపోతందే.”

“నిండనీ. వాననీల్లే గదా.”

ఎరుకమ్మ తమ్ముడి పక్కకు వచ్చి కూర్చుంది. “తమ్మా, ఆ దినం కూడా ఇలాగే రేకులు కారినాయిరా. రేకు మార్చు, రేకు మార్చు అని ఎన్నిసార్లు సెప్పినాను మీ బావకి? రేపంటాడు. రేపు, రేపు. రాత్రి నానే పోయి పడవలోంచి ఈ డబ్బా తెచ్చి, కారే కాడ పెట్టుకున్నాను.”

అది పైడిబాబు ఎన్నోసార్లు విన్నాడు. రేవంతా విన్నది. చేపలు కొనేవాళ్ళకూ, డాక్టరుకూ, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకూ కూడా ఆమె చెప్పింది.

“పొద్దున్న మల్లీ అదే తగువు. సద్దిగిన్నె పట్టుకుని ఇసురుగా ఎల్లిపోనాడు. మెట్లు దిగతన్నాడు. అప్పుడు సూసినాను, డబ్బా గోడవార ఉన్నాది. పిలుద్దారనుకున్నాను. నోరు తెరిసినాను.”

“ఎనకనుంచి పిలవకూడదు గదప్పా. నువ్వు సేసిందే సరైంది. సూరయ్య మావ కూడా అదే అన్నాడు.”

“అందరూ అదే అంతన్నారు” అంది ఎరుకమ్మ. ఆమె కళ్ళలో ఏ కలతా లేదు. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమెకు మతి బాగానే ఉంటుంది. “కట్టుబాటని కాదురా నాను నోరు మూసుకున్నది. తోడుకోనీ, సేతుల్తో తోడుకోనీ, అప్పుడు తెలుస్తాది కారతంటే ఎలాగుంటాదో, అనుకున్నాను. అలాగనుకునే మూసుకున్నాను.”

చిన్నమ్మి కత్తిపీట మీద చెయ్యి ఒక క్షణం ఆపి, మళ్ళీ చీరింది.

పైడిబాబు లేచి లోపలికి పోయాడు. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఒక గుడ్డపీలిక చించి దాని మూతికి చుట్టాడు. గుడ్డ తడిసి మళ్ళీ కారింది. మరో పీలిక చుట్టాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు. అరిస్తే కుట్టిందని తెలుస్తుంది, ఎక్కడ చెయ్యి పెడితే కుట్టిందో కూడా తెలుస్తుంది.

అప్పలరాముడిని ఆఖరిసారి చూసినవాడు లక్ష్ముడు. రట్లాండు దీవి అవతల, దూరంగా, పడవలో ఒంగి సద్దిగిన్నె మూతతో నీళ్ళు తోడి పోస్తున్నాడట. పడవ కడుక్కుంటున్నాడేమో అనుకుని లక్ష్ముడు చెయ్యి ఊపాడు. అప్పలరాముడూ ఊపాడు. ఆ తరవాత మబ్బు కమ్మి వాన తెర పడిపోయింది. తెర లేచేసరికి అక్కడ పడవ లేదు. వెతకగా వెతకగా ఒక తెడ్డూ, నూనె డబ్బా దొరికాయి. మనిషి దొరకలేదు.

“గ్లాండు ముందునాటి సాయంత్రమే ఏసినాడు గదా పైడిబాబు. అది కారే సమస్యే లేదు. అలొచ్చి పడుంటాది. డబ్బా ఉంటే తోడుకుని వచ్చీసీవాడు” అని ఆ రోజు అరుగు మీద సూరయ్య తేల్చేశాడు. ఎరుకమ్మ అక్కడే నిలబడి ఆ మాట వింది. పైడిబాబూ విన్నాడు.

గ్లాండు అతను వేయలేదు. బావ చెప్పగా బజారుకు పోయి కొత్త తాడు కొన్నాడు. వచ్చేదారిలో జతగాళ్ళు కలిశారు. సీసా తెరిచారు. “ఏసినావేట్రా?” అని బావ అడిగితే, “ఏసీసినాను బావా” అన్నాడు. పొద్దున్న తల ఎత్తలేక, జ్వరమని కబురు పెట్టాడు. బావ ఒక్కడే వెళ్ళాడు. ఆ తాడును కాగితంలో చుట్టినది చుట్టినట్టే, పడకగదిలో కప్పు కింద దూలం మీద దాచాడు. దాన్ని పారేయడానికి అతనికి చెయ్యి రాలేదు, తీసి చూడడానికీ రాలేదు.

బుధవారం పైడిబాబు ఓడ టికెట్టుకు వెళ్ళాడు. ఎరుకమ్మ ఫోటో, ఆధారు కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. క్యూలో అతని ముందు ప్రోతరాపూర్ టీచరుగారి కుటుంబం ఉంది. శ్రావణమాసం పెళ్ళికి విశాఖపట్నం వెళుతున్నారట, చీరల గురించి మాట్లాడుకుంటున్నారు. కౌంటరులో అమ్మాయి అడిగింది. “అకేలీ జాయేంగీ? సాథ్ మే కోయీ నహీ?”

“ఒక్కతే” అన్నాడు తెలుగులోనే. తరవాత తేరుకుని, “అకేలీ” అన్నాడు.

తిరిగి వస్తూ అబర్డీన్ బజారులో తాను తాడు కొన్న కొట్టున్న వీధి తప్పించుకుందామనే చూశాడు. వాన జోరుకు ఎదటి వరండాలోకి దూరితే, సరిగ్గా ఆ కొట్టు ముందే తేలాడు. ఇంజను సామాన్ల కొట్టు. గ్రీజు డబ్బాల వెనకనుంచి కొట్టుగల హిందీ ఆయన నవ్వుతూ తొంగి చూశాడు.

“అరే పైడీ భయ్యా! బహుత్ దిన్ బాద్! వో గ్లాండ్ రస్సీ కైసా నిక్లా? బఢియా హై నా?”

పాపం, తన సరుకు గురించి అడిగాడంతే. కొన్నవాడు మళ్ళీ కనబడితే తాడెలా ఉందని ఏ కొట్టువాడైనా అడుగుతాడు. కొట్టు ముందు వేలాడదీసిన తాళ్ళ చుట్టలన్నీ గాలికి మెల్లగా తిరుగుతున్నాయి.

“బఢియా” అన్నాడు. “చాలా బాగుంది భయ్యా.”

వానలోనే దిగి నడిచాడు. జేబులో టికెట్టు తడిసిపోతుందని జంగ్లీఘాట్ దాకా గుండె మీద చెయ్యి పెట్టుకునే వచ్చాడు. చూసినవాళ్ళు ఎవరికో దణ్ణం పెడుతున్నాడనుకున్నారు.

ఎరుకమ్మ టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నమ్మి ఆమె చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతుంటే పక్కనే కూర్చుని, “డబ్బా పట్టదేటి అందులో?” అని మాత్రం అడిగింది.

గురువారం సముద్రం తేటగా ఉంది. గేలాల వేటకు సూరయ్య, పైడిబాబు ఇద్దరే వెళ్ళారు. రట్లాండు దాటేవేళకు ఇంజను చప్పుడులో ఏదో తేడా సూరయ్య చెవికి తగిలింది. పెట్టె మూత ఎత్తాడు. మాడిన గ్రీజు కంపు గుప్పుమంది. గ్లాండు దగ్గరనుంచి తెల్లటి పొగ వస్తోంది. ఒక్క చుక్క కూడా కారకుండా పైడిబాబు ఆ నట్టును కడదాకా బిగించేశాడు. నీరు తగలక కడ్డీ కాలిపోయి, తాడు పట్టేసి, ఇంజను మూలిగి ఆగిపోయింది.

“నాశినం సేసినావు కదరా!”

పడవ అలల మీద ఊరికే ఊగుతోంది. పైడిబాబు నట్టు వదులు చేయబోతే చెయ్యి కాలింది. తీయకుండా ఇంకాస్త సేపు అక్కడే పెట్టి ఉంచాడు. సూరయ్య చూసి ఆ చెయ్యి లాగేశాడు. కోపమంతా చల్లారిపోయింది అతనికి. బీడీ వెలిగించుకున్నాడు. దూరంగా లక్ష్ముడి పడవ కనబడితే తువ్వాలు ఊపాడు. అది వచ్చి పక్కకు చేరింది. లక్ష్ముడు మోకు విసిరాడు. పైడిబాబు పట్టుకున్నాడు.

“నీకేటైనాదిరా?” అన్నాడు సూరయ్య నెమ్మదిగా. “నీలాటి పనోడు రేవులో లేడు. మీ బావ పడవకి ఆ సాయంత్రం గ్లాండు ఎంత బాగేసినావు! మరి నా పడవకి అలాగ ఎయ్యకూడదేటి?”

మోకు పైడిబాబు చేతిలోంచి జారి నీళ్ళలో పడింది.

“ఎయ్యనేదు.”

“ఏటి?”

“బావ పడవకి గ్లాండు ఎయ్యనేదు మావా. ఏసీసినానని అబద్దం సెప్పినాను. తాడు కొన్నాను, తాగీసినాను, తొంగున్నాను. జొరం కూడా అబద్దమే. పాత తాడు పీలికలైపోయి ఉన్నాది, నాకు తెలుసు. నీల్లు దాంట్లోంచే వొచ్చినాయి. అప్ప తప్పేటీ లేదు. డబ్బా తప్పు కాదు. నాను సంపీసినాను బావని.”

ఒక్క గుక్కలో అనేశాడు. అనేశాక, తన మీద పిడుగైనా పడుతుందనో, సూరయ్య తెడ్డు తీసుకుని తల మీద కొడతాడనో ఎదురుచూశాడు. కొడితే బాగుండుననే అనిపించింది.

సూరయ్య బీడీ పీల్చడం మానేశాడు. లక్ష్ముడికేసి చూశాడు. లక్ష్ముడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ రోజు చెయ్యి ఊపి ఊరుకున్నవాడికి ఇంకొకరి పాపం తూచే ధైర్యం ఎక్కడిది?

“ఎండ దెబ్బ తగిలినాది” అన్నాడు సూరయ్య చివరికి. “లచ్చుమా, ఆ మోకు తియ్యరా.”

“మావా, నిజం సెప్తన్నాను!”

“ఊరుకోరా. మీ అప్పని ఓడెక్కించడం నీకిష్టం లేదు. దాని నెత్తిమీదున్నది నీ నెత్తికెత్తుకుంతన్నావు. తోడబుట్టినోడివి, నీ మనసు నాకు తెల్దేటి? కానీ మాటొకసారి రేవులో పడితే మరి తీసుకోలేవు. కడుపు సించుకుంటే కాల్ల మీదే పడతాది.”

“తాడు సూపిస్తాను. దూలం మీదున్నాది. రండి, సూపిస్తాను.”

ఒడ్డు చేరగానే పైడిబాబు గట్టెక్కి పరుగు తీశాడు. వెనక సూరయ్య, లక్ష్ముడు, మాట విని చేరిన ఇరుగుపొరుగు. పీట వేసుకుని దూలం మీదికి చెయ్యి పెట్టాడు. దుమ్ము తగిలింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమాడు. చచ్చిన బొద్దింక ఒకటి రాలి కింద పడింది.

“సిన్నమ్మీ! తాడేదే? ఇక్కడ కాయితంలో సుట్టిన తాడు!”

చిన్నమ్మి వసారాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులకు చేప పొలుసులు. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

“ఏ తాడు?” అంది.

ఆమె గొంతులో తొణుకూ బెణుకూ లేదు. పక్కింటామె నాలిక చప్పరించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, బాబుకీ పట్టుకున్నాది” అందెవరో. “మొన్న కుళాయికి గుడ్డలు సుట్టడం నాను సూసినాను” అందింకొకామె. సూరయ్య అందర్నీ బయటికి తోలాడు. వెళుతూ పైడిబాబు భుజం తట్టాడు. “రేపొక్క దినం వేటకి రా. ఇంట్లో కూకుంటే ఇంకా పిచ్చెక్కుతాది. ఓడ సాయంత్రం గదా, ఈలోగా వొచ్చీసి మీ అప్పని దింపుదారి” అన్నాడు, పసివాడికి చెప్పినట్టు.

అందరూ పోయాక చిన్నమ్మి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. పైడిబాబు ఆమె ఎదట చతికిలబడ్డాడు.

“ఎప్పుడో పొయ్యిలో పెట్టీసినాను” అందామె, చేప మొప్ప లాగుతూ. “గ్రీజు తాడు. బాగా మండినాది.”

“నీకు తెలుసేటి?”

“నీకు జొరమో కాదో నాకు తెల్దేటి? పక్కలో తొంగున్నదాన్ని.” చేపను గిన్నెలో పడేసి ఇంకోటి అందుకుంది. “మీ అప్పకి మొగుడు పోనాడు. నాకున్నాడు. ఉండనీ.”

తిట్టే హక్కు అతనికి లేదు. దణ్ణం పెట్టే మనసూ రాలేదు. చిన్నమ్మి కళ్ళ నీళ్ళు కారి గడ్డం దగ్గర ఆగాయి. పొలుసుల చేత్తో తుడుచుకోలేక వాటినలాగే వదిలేసింది.

దీపాలు పెట్టేవేళ పెరట్లో ఎరుకమ్మ దగ్గరికి వెళ్ళాడు పైడిబాబు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. చెక్క గోడల ఇల్లు, లోపలి మాటలన్నీ వినబడే ఉంటాయి. అయినా మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. బజారు, తాడు, సీసా, అబద్ధం, జ్వరం. రేవువాళ్ళకు చెప్పినంత సులువుగా రాలేదు.

ఎరుకమ్మ కదలకుండా వింది. డబ్బా అంచు తడుముతూ అడిగింది.

“డబ్బా ఉంటే ఆగీదేటి?”

“ఆగీది కాదప్పా. అంత నీరు డబ్బాతో తోడినా ఆగదు. నువ్వు పిలిసినా మునిగిపోయీదే.”

అది నిజమో కాదో పైడిబాబుకు తెలియదు. ఆమెకు ఇవ్వడానికి అతని దగ్గర అదొక్కటే ఉంది.

“అయితే” అంది ఎరుకమ్మ, “మూతతోటి ఎందుకు తోడినాడ్రా, అంతసేపు?”

ఆమె ఇంకేమీ అడగలేదు. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. డబ్బా తీసి చూరు కింద బోర్లించి, లోపలికి పోయి పడుకుంది. ఆ రాత్రి వానొచ్చి డబ్బా మీద టపటపా కొట్టినా ఆమె లేవలేదని పొద్దున్న చిన్నమ్మి చెప్పింది. ఇన్నాళ్ళకు నిద్రపోయింది.

శుక్రవారం తెల్లవారి రేవులో అందరి కళ్ళూ పైమెట్టు మీదే ఉన్నాయి. ఎరుకమ్మ వచ్చింది. తల దువ్వుకుంది, ముడి వేసుకుంది. చంకలో డబ్బా లేదు.

లక్ష్ముడు వల భుజానికెత్తుకుని, దెబ్బకు సిద్ధమైనవాడిలా మెడ ముడుచుకుని, ఆమె ముందునుంచి దిగబోయాడు. దిగకముందే ఆమె ఎదట నిలబడి, “జాగ్రత్తరా, మజ్జానానికి గాలి తిరుగుతాది” అంది. వెనకనుంచి కాదు, మొహంలోకి చూసి. లక్ష్ముడు నోరు తెరిచాడు. “అలాగే వొదినా” అని, చివరి మెట్టు దాకా చెవులు రిక్కించుకునే దిగాడు. ఏ పిలుపూ రాలేదు. పడవెక్కి కూర్చుని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. సూరయ్యనూ ఆమె పలకరించింది. కాలిన కడ్డీ బాగైందా అని అడిగింది.

పైడిబాబు ఆఖరున వచ్చాడు. ఆమె ముందు ఆగాడు. ఎరుకమ్మ తమ్ముడికేసి చూసింది. పలకరించలేదు. అతను చేతిలోని సద్దిగిన్నెను కింద పెట్టి, ఊడని లుంగీని విప్పి మళ్ళీ గట్టిగా కట్టుకున్నాడు. తరవాత గిన్నె తీసుకోకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మరిచిపోయాడో, మరిచిపోదామనే మరిచిపోయాడో అతనికే తెలియదు. ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి దిగాడు. వీపంతా చెవులైపోయింది. ‘తమ్మా, గిన్నె’ అంటుంది. అంటే వెనక్కి పోవచ్చు. గుమ్మంలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగవచ్చు. మళ్ళీ మొదటినుంచి బయల్దేరవచ్చు.

పడవెక్కి తిరిగి చూశాడు. గిన్నె ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఎరుకమ్మ తల వంచి దాన్ని చూసింది. తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది. పెదవి కదలలేదు.

సూరయ్య ఇంజను వేశాడు. రేవు వెనక్కి జరిగింది.

“సూసినావా!” సూరయ్య మొహం వెలిగిపోతోంది. “ఒక్కణ్ణి కూడా పిలవనేదు! నిన్న నువ్వాడిన అబద్దమే మందైనాదిరా. పుణ్యం కట్టుకున్నావు. ఆ టికెట్టు సింపీ, ఇంకెక్కడికీ పంపక్కర్లేదు. మతి కుదిరిపోనాది.”

“అవును మావా” అన్నాడు పైడిబాబు. “కుదిరిపోనాది.”

మెట్ల మీద ఆమె చిన్నదైపోయేదాకా చూశాడు. ఆ తరవాత ఒంగి ఇంజను పెట్టె మూత ఎత్తాడు. రాత్రికి రాత్రే సూరయ్య వేసిన కొత్త గ్లాండు దగ్గర చుక్క చుక్కగా నీరు కారుతోంది. పానా పక్కనే ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.